గుంటూరు గ్రహణమూ, మెండలీవ్ ఖాళీ గడులూ

మన బడులలో ఆవర్తన పట్టిక గోడకు వేలాడుతూ ఉంటుంది. రంగురంగుల గడులు, గడికొక అక్షరమో, రెండక్షరాలో, పైనొక అంకె, క్రిందనొక అంకె. పిల్లలు దానిని ఎక్కాలవలె వల్లిస్తారు. వల్లించలేనివారికి వరుసకొక వింత వాక్యం కట్టి ఇచ్చే ఉపాధ్యాయులున్నారు. పరీక్షలో ఆ వాక్యం అక్కరకు వస్తుంది. పరీక్ష కాగానే వాక్యమూ పోతుంది, పట్టికా పోతుంది. గోడమీది పటం మాత్రం ఏనాడో ఎవరో పూర్తిచేసి ఇచ్చిన శాసనంలాగా అక్కడే మిగిలిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆవర్తన పట్టికను జవాబుగా నేర్పితే సగమే నేర్పినట్లు. అది నూటయాభై ఏళ్ళకు పైగా సాగుతున్న ఒక వాదం. అందులో పొరపాట్లున్నాయి, మొండిపట్లున్నాయి, కావాలని ఖాళీగా వదిలిన గడులున్నాయి, కూర్చోవడానికి చోటు దొరకక గుమ్మంలో నిలబడిపోయిన అతిథులున్నారు. ఆ వాదాన్ని వినిపిస్తేనే పట్టిక అర్థమవుతుంది. దానిలో ఒక ముఖ్యఘట్టం మన కృష్ణాతీరంలోనే జరిగిందన్న సంగతి మన పిల్లలలో ఎక్కువమందికి తెలియదు. తెలిసిన కొద్దిమందికీ సరిగా తెలియదు. ఈ రెండో లోపమే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది.

*

1868 ఆగస్టు 18. ఆనాటికి మా తిరువూరు, గుంటూరు, మచిలీపట్నం మూడూ ఒకే కృష్ణా జిల్లాలోనివి. గుంటూరు విడిగా జిల్లా కావడం 1904 నాటి మాట. తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళడం 2022 నాటి మాట. గగనమార్గాన కొలిస్తే గుంటూరు మా ఊరికి వంద కిలోమీటర్ల లోపే. ఆ ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ బిజాపూరు వైపునుండి వచ్చి, గుంటూరును, మచిలీపట్నాన్ని దాటి, బంగాళాఖాతం మీదుగా సయాం దేశం దిక్కుగా సాగిపోయింది.

గ్రహణాలు మనకు కొత్త కాదు. పట్టు స్నానాలు, విడుపు స్నానాలు, దర్భపోచలు, గర్భిణీ స్త్రీల జాగ్రత్తలు... ఇవన్నీ ఆనాడూ ఉండే ఉంటాయి. కొత్తది ఒక పరికరం. వెలుగును విడదీసి రంగుల పట్టీగా చూపే వర్ణపటదర్శిని అంతకు తొమ్మిదేళ్ళ క్రితమే రసాయన శాస్త్రపు చేతికి పదునైన ఆయుధంగా అందింది. 1859లో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు మిత్రులు ఒక సంగతి తేల్చారు. ఏ మూలకమైనా వాయురూపంలో వెలిగేటప్పుడు తనవే అయిన కొన్ని రంగుగీతలను మాత్రమే వెదజల్లుతుంది. ఆ గీతలు మనిషికి వేలిముద్రల వంటివి. ఆ వేలిముద్రలను పట్టుకొని వారు 1860లో సీజియంను, 1861లో రుబీడియంను కనుగొన్నారు. ఇక సూర్యుడిలో ఏమున్నదో తెలుసుకోవడానికి సూర్యుడి దాకా పోనక్కరలేదు. గ్రహణవేళ బింబం మూసుకుపోయినప్పుడు అంచున ఎగసిపడే ఎర్రని జ్వాలలవైపు ఆ పరికరాన్ని తిప్పితే చాలును.

అందుకే ఖండాలు దాటి జనం వచ్చారు. ఫ్రాన్సునుండి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. బ్రిటిషు బృందంతో మేజర్ టెనంట్ కూడా ఆ ఊరిలోనే ఉన్నాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నైజాం రాజ్యంలోని వనపర్తికి మరొక బృందాన్ని తీసుకొని వెళ్ళాడు. ఆయన అంతకు ముందటి సంవత్సరమే ఒక చరతారను కనుగొన్న మనవాడు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నడిచినప్పుడు ఆ వింతను సామాన్యులకు విప్పి చెప్పేందుకు భారతీయ భాషలలో చిన్న పుస్తకం తెచ్చినవాడు. మన పాఠాలలో ఆయన పేరు వినబడదు.

గుంటూరులో ఆ చీకటి ఆరు నిమిషాలైనా నిండలేదు. ఆ కొద్దిసేపట్లో జాన్సెన్ చూసినది ఇది: సూర్యుడి అంచున లేచే జ్వాలలు ప్రకాశవంతమైన గీతలనిస్తున్నాయి, అంటే అవి మండే వాయువులు, ముఖ్యంగా ఉదజని. ఆ గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చు గదా అన్న ఆలోచన ఆయనకు అక్కడికక్కడే తట్టింది. మరునాడు ఉదయం అదే గుంటూరులో మామూలు పట్టపగలు ప్రయత్నించి సాధించాడు. ఆ తరువాత రెండు వారాలకు పైగా రోజూ సూర్యుణ్ణి చూస్తూనే ఉన్నాడు. ఆ సంగతి వివరిస్తూ కాకినాడ నుండి సెప్టెంబరు 19న పారిస్ అకాడెమీకి ఉత్తరం వ్రాశాడు. ఈలోగా అక్టోబరు 20న లండన్‌లో నార్మన్ లాక్యర్ గ్రహణం ప్రమేయం లేకుండానే ఆ ఫలితాన్నే సాధించాడు. ఇద్దరి వార్తలూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో అకాడెమీ ముందుకు వచ్చాయి. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న తగవు లేకుండా, ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ కలిపి ఒక పతకం ముద్రించింది.

మరి హీలియం?

*

"హీలియంను గుంటూరులో కనిపెట్టారు" అన్న వాక్యం మనలో బాగా వాడుకలో ఉన్నది. ఊరి పేరు ప్రపంచ చరిత్రలో కనబడితే ఛాతీ ఉబ్బడం సహజమే; నాకూ ఉబ్బుతుంది. కానీ ఆ వాక్యం అలా ఒక్క ముక్కలో చెబితే నిజం కాదు.

ఆ గ్రహణంలో పలుచోట్ల పలువురు ఒక పసుపుపచ్చ గీతను చూశారు. చూసినవారిలో చాలామంది దానిని సోడియం గీతగానే భావించారు. అది సహజం. సోడియంకు పసుపురంగులో పక్కపక్కనే రెండు గీతలున్నాయి, వాటి పేర్లు డి1, డి2. కొత్త గీత వాటికి కూతవేటు దూరంలోనే ఉన్నది: వాటి తరంగదైర్ఘ్యాలు సుమారు 589.6, 589.0 నానోమీటర్లయితే, దీనిది 587.6. ఆ సోడియం ఇరుగుపొరుగులోనే ఉండడం వల్ల దానినీ ఆ ఇంటివాడే అనుకున్నారు. మచిలీపట్నంలో ఉన్న పోగ్సన్ మాత్రం ఆ గీత సోడియం గీతతో సరిగ్గా కలుస్తున్నదా అన్న సందేహాన్ని నమోదు చేశాడు. ఆయన నివేదికకు దక్కవలసినంత ప్రచారం దక్కలేదు. జాన్సెన్ దృష్టి అంతా ఉదజని గీతలమీద, తన కొత్త పద్ధతిమీద ఉన్నది.

ఆ గీత సోడియంది కాదని గట్టిగా నిలబెట్టినవాడు లండన్‌లో లాక్యర్. దానికి డి3 అన్న పేరు వచ్చింది. భూమిమీద తెలిసిన ఏ పదార్థమూ ఆ గీతను ఇవ్వడం లేదు. అయితే అది సూర్యుడిలో మాత్రమే ఉన్న ఒక కొత్త మూలకమా? రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లాండ్‌తో కలిసి లాక్యర్ ఈ చిక్కుముడితో చాలాకాలం కుస్తీ పట్టాడు. 1871లో విలియం థామ్సన్ ఒక పెద్ద సభలో మాట్లాడుతూ దీనికి హీలియం అన్న పేరు పెట్టారని లోకానికి చెప్పాడు. గ్రీకుల సూర్యుడు హీలియోస్. అందునుండి ఆ పేరు.

కనుక సరిగ్గా చెప్పాలంటే ఇలా చెప్పాలి: ఏ గ్రహణం హీలియం కథకు మొదటి పుటో, ఆ గ్రహణపు నీడ మన నేలమీద పడింది. ఆ పసుపు గీతను శంకించిన తొలి కళ్ళలో ఒక జత మచిలీపట్నంలో ఉన్నది. గ్రహణం లేకుండా సూర్యజ్వాలలను చూసే విద్య గుంటూరులో పుట్టింది. ఆ విద్యే లేకపోతే లాక్యర్ వంటివారు ఆ గీతను తీరికగా పరీక్షించడానికి ఎన్ని గ్రహణాల కోసం ఎదురుచూడవలసి వచ్చేదో! ఇది చిన్న గౌరవం కాదు. దీనికి అబద్ధపు నగిషీలు అక్కరలేదు.

*

ఇప్పుడు రష్యాకు పోవాలి. గుంటూరు గ్రహణం తరువాత సరిగ్గా 195 రోజులకు, 1869 మార్చి 1న, సెయింట్ పీటర్స్‌బర్గులో డ్మిత్రీ మెండలీవ్ తన పట్టికను సిద్ధం చేశాడు. రష్యావారి ఆనాటి పంచాంగంలో అది ఫిబ్రవరి 17.

మూలకాలను వరుసలో పెట్టాలన్న కోరిక ఆయనతో మొదలు కాలేదు. 1789లో లవాయిజే 33 మూల పదార్థాల జాబితా వ్రాశాడు; అందులో వెలుగునూ, వేడినీ కూడా మూలకాలుగా చేర్చాడు. తరువాత డాబరైనర్ మూడేసి మూలకాల ముచ్చటను గమనించాడు. లిథియం పరమాణు భారం 7, పొటాషియంది 39. రెండింటి సగటు 23, అదే సోడియం భారం. గుణాలలోనూ సోడియం ఆ రెండింటికీ మధ్యనే ఉంటుంది. 1865లో ఇంగ్లండులో న్యూలాండ్స్ మరొక మెట్టు ఎక్కాడు. మూలకాలను భారాన్ని బట్టి వరుసగా పేరిస్తే ప్రతి ఎనిమిదవది మొదటిదానిని పోలి ఉన్నదన్నాడు. సరిగమపదని తరువాత మళ్ళీ షడ్జమం వచ్చినట్లు! మనవారికి ఇంతకన్నా సులువైన పోలిక మరొకటి ఉండదు. కానీ ఆయన ఆ మాట చెప్పిన సభలో ఒక పెద్దమనిషి, "మూలకాలను అక్షరక్రమంలో పెట్టి చూశారా?" అన్న అర్థం వచ్చేటట్లు ఎగతాళి చేశాడు. ఇరవై ఏళ్ళ తరువాత, 1887లో, రాయల్ సొసైటీ న్యూలాండ్స్‌కు డేవీ పతకమిచ్చి ఆ అవమానాన్ని కొంత కడిగింది.

న్యూలాండ్స్ ఎక్కడ తడబడ్డాడో చూస్తే మెండలీవ్ గొప్పదనం తెలుస్తుంది. న్యూలాండ్స్ వరుసలో ఖాళీలు లేవు. తెలిసిన మూలకాలన్నిటినీ ఇరికించి కూర్చోబెట్టాడు. దానితో కొంతదూరం పోయేసరికి స్వరం తప్పింది. మెండలీవ్ చేతిలో ఆనాటికి ఉన్నవి 63 మూలకాలు. ఆయన వాటిని పేర్చుతూ, గుణం కుదరనిచోట తెలిసిన మూలకాన్ని బలవంతంగా కూర్చోబెట్టకుండా ప్రశ్నార్థకం వ్రాసి వదిలాడు. ఆ తొలి పట్టికలో 45, 68, 70, 180 భారాల దగ్గర ప్రశ్నార్థకాలు ఉన్నాయి. తనకు తెలియనిదానికి ఎంత బరువుంటుందో చెప్పి, దానికి పీట వేసి, విస్తరి వేసి ఉంచాడన్నమాట.

ఆ అతిథులు వచ్చారు. 1875లో ఫ్రాన్సులో గాలియం, 1879లో స్వీడన్‌లో స్కాండియం, 1886లో జర్మనీలో జర్మేనియం. గాలియం సాంద్రతను కనుగొన్నవాడు మొదట 4.7 అన్నాడు. లోహాన్ని కంటితో చూడని మెండలీవ్, కాదు, 5.9 దగ్గర ఉండాలి, మళ్ళీ శుద్ధిచేసి చూడండి అన్నాడు. చూస్తే 5.9 వచ్చింది. 180 దగ్గరి ప్రశ్నకు జవాబు 1923లో హాఫ్నియంగా ప్రకటితమయ్యేదాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి మెండలీవ్ పోయి పదహారేళ్ళు.

రాని ఆ అతిథులకు ఆయన పెట్టుకున్న తాత్కాలిక నామాలు మనకు ముచ్చట గొలుపుతాయి: ఏక-అల్యూమినియం, ఏక-బోరాన్, ఏక-సిలికాన్. ఏక, ద్వి, త్రి అన్నవి మన సంస్కృత సంఖ్యలే. అల్యూమినియం తరువాత ఒక మెట్టు దిగువన ఉండేది ఏక-అల్యూమినియం. దీనిని పట్టుకొని, పాణిని వ్యాకరణంలోని వర్ణక్రమమే మెండలీవ్ పట్టికకు ప్రేరణ అన్నవారు ఉన్నారు. పాణినిని ఐరోపాలో ప్రచురించిన పండితుడు బోట్‌లింక్ చాలాకాలం ఆ నగరంలోనే ఉన్న మాట నిజమే. అక్షరాలను పుట్టుకస్థానాన్ని బట్టి అడ్డంగా, నిలువుగా వర్గాలుగా పేర్చిన పద్ధతి ఆవర్తన పట్టికకు దగ్గరి చుట్టంలాగా కనబడే మాటా నిజమే. కచటతపలను వర్గులుగా నేర్చుకున్న తెలుగు పిల్లవాడికి పట్టికను ఆ పోలికతో చెప్పమని నేనే అంటాను. కానీ పోలిక వేరు, సాక్ష్యం వేరు. మెండలీవ్ మన సంఖ్యలు వాడుకున్నాడన్నది కాగితంమీద ఉన్న నిజం. పాణిని నుండి పట్టిక పుట్టిందన్నది ఒక ఊహ. ఊహను ఊహగా చెప్పినంత మాత్రాన పాణిని చిన్నవాడు కాడు.

*

సూర్యుడిలో దొరికిన హీలియంకు మెండలీవ్ పట్టికలో చోటు లేదు. చోటు లేకపోవడమే గాక, చోటు ఉండవలసిన నిలువు వరుస కూడా లేదు. అల్యూమినియం క్రింద ఒక గడి ఖాళీగా ఉందని చెప్పడానికి చుట్టూ ఉన్న గడులు సాక్ష్యమిచ్చాయి. హీలియంకు చుట్టాలెవరూ అప్పటికి తెలియదు. ఎవరూ ఊహించని ఒక పూర్తి నిలువు వరుస కనబడకుండా ఉన్నది.

1894లో రేలీ, రామ్జే గాలిలోనుండి ఆర్గాన్‌ను బయటికి తీశారు. అది దేనితోనూ కలవదు, దేనితోనూ పోట్లాడదు. మెండలీవ్‌కు అది నచ్చలేదు. ఇది కొత్త మూలకం కాకపోవచ్చును, మూడు పరమాణువులు కలిసిన నత్రజని కావచ్చును అన్నాడు. 1895 మార్చిలో రామ్జే యురేనియం ఉన్న క్లీవైట్ అనే ఖనిజాన్ని కాచి వచ్చిన వాయువును వర్ణపటదర్శినిలో చూస్తే, ఇరవై ఏడేళ్ళ క్రితం మన ఆకాశంలో కనబడిన ఆ పసుపు గీత ఎదురుగా నిలిచింది. సూర్యుడి మూలకం భూమిమీద దొరికింది! 1898లో నియాన్, క్రిప్టాన్, జీనాన్ వరుసగా వచ్చాయి. ఇక కాదనడానికి వీలు లేకపోయింది. పట్టికకు సున్నా గ్రూపు అని ఒక కొత్త నిలువు వరుస చేర్చారు. పట్టిక పగిలిపోలేదు, పక్కకు జరిగి చోటిచ్చింది. ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో మెండలీవ్ కూడా ఒప్పుకున్నాడు.

ఈ కథకు మన తీరంలోనే ఒక కొసమెరుపు ఉన్నది. యురేనియం, థోరియం వంటి మూలకాలు క్షీణించేటప్పుడు వెలువడే ఆల్ఫా కణం హీలియం కేంద్రకమేనని తరువాత తేలింది. అందువల్లనే రామ్జే ఖనిజంలో అది చిక్కుకొని ఉన్నది. భీమునిపట్నం తీరపు ఇసుకలో మోనజైట్ ఉన్నది, మోనజైట్‌లో థోరియం ఉన్నది. అంటే ఆ ఇసుక రేణువులలో ఈ క్షణాన కూడా హీలియం పుడుతూనే ఉన్నది.

హీలియం కథ గెలుపు కథ గనుక చెప్పుకుంటాము. దాని పక్కనే ఒక ఓటమి కథ ఉన్నది, దానినీ చెప్పాలి. గుంటూరు గ్రహణం జరిగిన మరుసటి ఏడు, 1869 ఆగస్టులో, అమెరికాలో కనిపించిన సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి వెలుపలి కాంతివలయంలో ఒక ఆకుపచ్చ గీత కనబడింది. అదీ ఏ తెలిసిన మూలకానిదీ కాదు. దానికి కరోనియం అని పేరు పెట్టారు. అదే పరికరం, అదే తర్కం, అటువంటి గ్రహణమే. మెండలీవ్ తన చివరి రోజులలో దానికి పట్టికలో ఒక చోటు కూడా ఊహించాడు. డెబ్బై ఏళ్ళ తరువాత, 1940 ప్రాంతంలో, గ్రోట్రియన్, ఎడ్లెన్ అనేవారి పరిశోధనలవల్ల అసలు గుట్టు తెలిసింది. ఆ గీత మన ఇనుముదే! లక్షల డిగ్రీల వేడిలో పదమూడు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము ఇచ్చే గీత అది. వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటే వర్ణపటం ఎలా మారుతుందో లెక్కగట్టే దారి 1920లో మన మేఘనాథ్ సాహా వేశాడు.

ఒక పసుపు గీత మూలకమై నిలిచింది, ఒక ఆకుపచ్చ గీత నిలవలేదు. ముందుగా ఎవరికీ తెలియదు ఏది నిలుస్తుందో. విజ్ఞానశాస్త్రం అంటే ఏమిటో పిల్లవాడికి చెప్పడానికి ఇంతకన్నా మంచి జంట కథ నాకు తెలియదు.

మరొక ఉదాహరణ. పరమాణు భారం ప్రకారం అయొడిన్ (127) ముందు, టెల్లూరియం (సుమారు 128) తరువాత రావాలి. గుణాల ప్రకారం చూస్తే తారుమారు కావాలి. మెండలీవ్ గుణాన్నే నమ్మి టెల్లూరియంను ముందు పెట్టాడు. దాని భారాన్ని తప్పుగా తూచి ఉంటారన్నాడు. తూకం తప్పు కాదు. పెట్టిన చోటు సరైనదే, చెప్పిన కారణమే తప్పు. అసలు కారణం 1913లో హెన్రీ మోస్లే ఎక్స్-కిరణాలతో పరిశీలించినప్పుడు బయటపడింది. వరుసను నిర్ణయించేది భారం కాదు, పరమాణు కేంద్రకంలోని ధనావేశపు సంఖ్య. టెల్లూరియం 52, అయొడిన్ 53. అంతే, తగవు తీరిపోయింది. 43, 61, 75 సంఖ్యల దగ్గర ఇంకా ఖాళీలున్నాయని కూడా మోస్లే గుర్తించాడు. 1915 ఆగస్టు 10న గల్లిపోలీ యుద్ధంలో ఒక తూటాకు ఆయన నేలకూలాడు. వయసు 27. ఆ మూడు గడులూ 1925, 1937, 1945లలో నిండాయి. ఏడవ అడ్డువరుస పూర్తిగా నిండి, చివరి నలుగురికి పేర్లు స్థిరపడి, లెక్క 118కి చేరింది 2016లో.

అప్పటికైనా వాదం ముగిసిందా అంటే, లేదు. హీలియం ఎలక్ట్రాన్లను బట్టి చూస్తే అది బెరీలియం పైన కూర్చోవాలనీ, గుణాన్ని బట్టి నియాన్ పైన కూర్చోవాలనీ రసాయన శాస్త్రజ్ఞులలో చర్చ ఇప్పటికీ ఉన్నది. గోడమీది పటం రెండోదానినే చూపుతుంది.

*

మన భాషలోకి వచ్చిన పేర్లు కూడా ఈ చరిత్రను మోస్తున్నాయి. ఆమ్లజని అన్న మాట చూడండి. ఆమ్లాలను పుట్టించేది అని అర్థం. ప్రతి ఆమ్లంలోనూ ఈ వాయువు ఉండి తీరుతుందని లవాయిజే నమ్మి గ్రీకులో అలా పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనే లేదని, క్లోరిన్ స్వయంగా ఒక మూలకమని డేవీ 1810లో నిలబెట్టాడు. అప్పటికే పేరు పాతుకుపోయింది. ఆ పొరపాటును మన పండితులు ఎంతో శ్రద్ధగా చక్కని తెలుగులోకి తెచ్చారు! నేను ఆ మాటను తీసివేయమనడం లేదు. నాకది ఇష్టమైన మాట. అయితే ఆ పేరు చెప్పేటప్పుడు దాని వెనుక కథ కూడా చెబితే, పెద్దవాళ్ళు కూడా పొరబడతారనీ, పొరబాటు దిద్దుకున్నాక కూడా పేరు మిగిలిపోతుందనీ పిల్లలకు తెలుస్తుంది. ఒక్క మాటలో ఒక పాఠం.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, దీని వెనుక ఒక నష్టం ఉన్నది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకాన్ని కుదించి, మూలకాల ఆవర్తన వర్గీకరణ అనే అధ్యాయాన్ని మొత్తంగా తొలగించింది. ఆ కుదించిన పుస్తకం 2023లో వచ్చింది. మహమ్మారి తరువాత పిల్లలపై భారం తగ్గించడానికి అన్నారు. పదకొండవ తరగతిలో ఆ పాఠం ఉన్నదే గదా అన్నారు. భారం తగ్గించాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. వల్లింపుగా నేర్పే పట్టిక నిజంగా భారమే. కానీ ఆ సమాధానంలో ఒక వర్గం పిల్లలు లెక్కకు రాలేదు.

తిరువూరు వంటి ఊళ్ళలో పదవ తరగతి అన్నది చాలామందికి విజ్ఞానశాస్త్రంతో చివరి పలకరింపు. ఆపైన కొందరు ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ తీసుకుంటారు. కొందరు ఐటీఐకి పోతారు. కొందరు మామిడితోటలలో, దుకాణాలలో, ఆటోలమీద కుటుంబానికి ఆసరా అవుతారు. ఆడపిల్లలలో కొందరికి పెళ్ళి కుదురుతుంది. వీరెవరూ ఆ పదకొండవ తరగతి పాఠం దాకా చేరరు. ఇక ఎంపీసీ, బైపీసీలలో చేరినవారు ఏదో ఒక హాస్టలు గదిలో ప్రవేశపరీక్షల పరుగులో ఆ పట్టికను అందుకుంటారు. వారికి మెండలీవ్‌ను గురించి ఆలోచించే తీరిక ఎవరిస్తారు? మొదటివారికి పట్టిక అందదు, రెండోవారికి కథ అందదు.

కాబట్టి నా మనవి ఇది. పట్టిక పదవ తరగతిలోపే ఉండాలి. అయితే కథగా ఉండాలి. దానికి ప్రయోగశాల అక్కరలేదు. పాత పెళ్ళిశుభలేఖలను కత్తిరించి 63 అట్టముక్కలు చేయవచ్చును. ఒక్కొక్కదానిమీద 1869 నాటికి తెలిసిన ఒక మూలకం పేరు, భారం, రెండు గుణాలు వ్రాసి పిల్లలచేత పేర్పించవచ్చును. ఎక్కడ ఖాళీ వదలాలో వారినే తేల్చుకోనివ్వాలి. వారు తప్పక తప్పులు చేస్తారు. న్యూలాండ్స్ చేసినవీ, మెండలీవ్ చేసినవీ చేస్తారు. అప్పుడు గాలియం ముక్క ఒకటి వారి చేతికివ్వాలి. అది ఖాళీలో సరిగ్గా ఒదిగినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి. ఆ తరువాత హీలియం ముక్క ఇవ్వాలి. ఎక్కడా పట్టదు. అప్పుడు గుంటూరును గురించి, మచిలీపట్నాన్ని గురించి చెప్పాలి. మూడు నాలుగు పీరియడ్లకు మించిన పని కాదు.

పరీక్షలో దీనికి మార్కులు ఎక్కడున్నాయని అడిగేవారుంటారు. మార్కుల సంగతి నాకూ తెలుసు. అయినా మూడేళ్ళు వల్లించి మరచిపోయే వాక్యాలకన్నా, ఒకసారి చేత్తో పేర్చిన వరుస ఎక్కువకాలం నిలుస్తుందని నా నమ్మకం. అంతకుమించిన లాభం మరొకటి ఉన్నది. తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టడం నేర్చిన పిల్లవాడు రేపు పెద్దవాడై, చేతి ఫోనులోకి వచ్చిపడే ప్రతి గొప్పకబురునూ వెంటనే నమ్మడు. అది మన ఊరి గొప్పే అయినా సరే, ఇందులో కాగితంమీద ఉన్నదెంత, ఊహ ఎంత అని అడుగుతాడు. అలా అడిగేవాడికి గుంటూరు గౌరవం తగ్గదు సరిగదా, పోగ్సన్ సందేహమూ రఘునాథాచారి శ్రమా కలిసి ఆ గౌరవం మరింత పెరుగుతుంది.